ముక్కులోంచి వచ్చే పాలు

బైలదిల్లా కొండకి ఆకలేసి ఏడిస్తే, మా నాయనమ్మ తాయారమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చుక్కచుక్కగా పాలు పట్టేసి, వీపు నిమిరి తేన్పించి, నిద్రపుచ్చేస్తుంది. కాదన్నవాళ్లు ఆ కొండకింద ఉన్న మా ఊరు బచేలి రండి, మనిషిని చూపిస్తాను. ఆ కొండకంటే మొండివాడికి ఆవిడ పాలు పట్టింది. వాడు మా నాన్న జయరావు.

మా తాత రామ్మూర్తి రైల్వేలో కీమేన్. పొద్దున్నే భుజాన సుత్తి వేసుకుని, ఇనుపరాయి మోసే గూడ్సుబళ్లు తిరిగే లైను పొడుగునా పట్టాలు చూసుకుంటూ, వదులైనవి బిగించుకుంటూ నడిచేవాడు. విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్లయి వచ్చిన నాయనమ్మకి బచేలిలో తెలిసినవి రెండే, క్వార్టరూ కుళాయీ. ఆరేసిన తెల్లగుడ్డ ఇనుపరాయి దుమ్ముకి సాయంత్రానికి ఎర్రబడే రోజులవి. డెబ్భైల్లో అక్కడే మా నాన్న పుట్టాడు. పెదవి చక్కగా ఉంది, ముక్కు చక్కగా ఉంది. (ఇప్పుడంత చక్కగా లేదు, అది వేరే సంగతి.) పాలకి పెడితే మాత్రం చీకలేడు. లోపలికి పోయిన నాలుగు చుక్కలూ ముక్కులోంచి వచ్చేసేవి.

కాన్పుకి సాయం వచ్చినావిడ నాయనమ్మ తల్లి అప్పలనరసమ్మ. మావాళ్లలో పసిబిడ్డకి నీళ్లు పోసేటప్పుడు చాపిన కాళ్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఆముదం రాసిన వేలితో అంగిలి నొక్కి, గొంతులో కళ్లె తీస్తారు. ముసలమ్మ అలాగే వేలు పెట్టింది. వేలు ఎక్కడా ఆగలేదు.

"ఏటే తాయారూ, ఈడికి నోటికి పైకప్పు లేదే" అంది.

పక్క క్వార్టరువాళ్లు వచ్చి, గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్నావా అని అడిగారు. "గ్రహణం నాడు పడుకునే ఉన్నానమ్మా, కావాలంటే దుప్పటినడగండి" అంది నాయనమ్మ. వాళ్లు దుప్పటినడగలేదు గానీ నమ్మనూ లేదు.

ఆసుపత్రి డాక్టరు టార్చి వేసి చూశాడు. అంగిలి చీలిందనీ, విశాఖపట్నంలో కుట్టి మూస్తారనీ చెప్పాడు. కాకపోతే మత్తుకి తట్టుకునేంత కండ పట్టాలి. అదీ మాటలు రాకముందే జరగాలి, లేకపోతే మాటంతా ముక్కులోంచే పోతుంది. పిల్లాడేమో పుట్టినప్పటికంటే తగ్గిపోతున్నాడు. "కూర్చోబెట్టి పట్టండి, పడుకోబెట్టి పట్టొద్దు" అన్నాడు చివర్న.

ముసలమ్మకి ఆ చివరి మాట గిట్టలేదు.

"మెడ నిలవని బిడ్డని కూకోబెడతారేటి? నలుగుర్ని పెంచాను. అందరూ నా కాళ్లమీదే ఉగ్గు తాగారు."

"ఆ నలుగురికీ అంగిలి ఉందమ్మా" అంది నాయనమ్మ.

"డాక్టరుకి పిల్లలున్నారేటి?"

"ఉన్నారో లేదో నాకేటి తెలుసు. టార్చి ఉంది."

ఒక చేత్తో మెడ పట్టుకుని, ఇంకో చేత్తో ఉగ్గుగిన్నె మూతి బుగ్గవారగా ఆనించి, చుక్క పడేయడం, మింగేదాకా ఆగడం, మళ్లీ చుక్క. ఒక గిన్నె పూర్తయ్యేసరికి మళ్లీ ఆకలి వేళయ్యేది. చేతులు లాగేసేవి. నాయనమ్మ కుళాయి దగ్గర వరసలో నిలబడే నిద్రపోయేది, బిందె పొర్లుతుంటే వెనకావిడ తట్టి లేపేది. ఒళ్లంతా విరిగిన పాల వాసన. ఆ యేడాది ఏం వండిందో ఆవిడకి గుర్తులేదు. తాతకి గుర్తుంది, చెప్పడు.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ గోడకి ఆనుకుని కునికింది. పాపం పడుకోనీ అని ముసలమ్మ బిడ్డని తీసుకెళ్లి, అలవాటుగా కాళ్లమీద వెల్లకిలా వేసి పాలు పోసింది. దగ్గు వినపడి, ఆ దగ్గు ఠక్కున ఆగిపోయేసరికి నాయనమ్మ లేచింది. పిల్లాడు నీలంగా ఉన్నాడు. లాక్కుని బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. చాలాసేపటికి ఏడ్చాడు.

ముసలమ్మ కాళ్లు ముడుచుకుని మూల కూర్చుంది. "నలుగురూ బతికారు గదా అనుకున్నానే" అంది.

నాయనమ్మ బిడ్డని నిలువుగా ఎత్తుకుని, ఒలికిన పాలు తుడిచింది. తిట్టడానికి ఓపిక ఉండొద్దూ.

మర్నాడు ఆకుదొప్పలు అమ్ముకునే హిడ్మే వచ్చింది. తన బిడ్డని గుండెకి నిలువుగా గుడ్డతో కట్టుకుని, రెండు చేతులా దొప్పలు లెక్కపెడుతోంది. ముసలమ్మ ఆ గుడ్డకేసే చూసి, దొప్పలు వదిలేసి ముడి పట్టుకుంది. హిడ్మేకి తెలుగు రాదు, ముసలమ్మకి గోండీ రాదు. హిడ్మే నవ్వి, ముడి విప్పి మళ్లీ కట్టి చూపించింది. ముసలమ్మ తన పాత చీర తనే చింపింది.

ఆ రోజునుంచి పిల్లాడు నాయనమ్మకి అతుక్కుని నిలువుగా తాగాడు. మెడ పట్టే పని గుడ్డకి పోయింది. ముసలమ్మ కూడా ఒక పూట కట్టుకునేది, డాక్టరు మాట విన్నానని మాత్రం ఒప్పుకునేది కాదు.

కాస్త ఒళ్లు చేశాడని రైలెక్కారు. సొరంగాలన్నీ దాటి, పొగ మింగి, విశాఖపట్నం దిగితే, కండ చాలదు, వెనక్కి తీసుకెళ్లమన్నారు. తిరుగు రైల్లో నాయనమ్మ ఏడవలేదు. పాలు పట్టింది.

రెండోసారి వెళ్లినప్పుడు కుట్టారు. నోట్లో చెయ్యి పెట్టుకోకుండా మోచేతులకి అట్టలు కట్టారు. కుట్లు మానేదాకా మళ్లీ చుక్కచుక్కే. మాట కొంచెం ముక్కుతో వచ్చినా, వచ్చింది. వచ్చాక ఆగలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఇంకెవరికీ మాట్లాడే వంతు రాదు.

మొన్న నాయనమ్మ మోకాళ్లకి నూనె రాస్తూ అడిగాను.

"నాయనమ్మా, నిజం చెప్పు. ఒక్కసారైనా, ఈడు పోతే పోనీ, ఒగ్గేద్దాం అనిపించలేదా?"

"అనిపించింది" అంది. "ఇంక నన్నొగ్గీ, నడుం వాలుస్తాను."