ఖాళీల మాస్టారు

మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆసుపత్రి పరికరాల వర్క్‌షాపులో ముప్పై ఏళ్లుగా సెన్సర్లు సరిచూసేవాడు. ఎంత వేడికి సెన్సర్ ఏ అంకె ఇస్తుందో కొలిచి పట్టిక రాయాలి. యంత్రానికి కావలసింది దాన్ని తిరగేసిన పట్టిక: ఈ అంకె వస్తే వేడి ఎంత? మామయ్య అదీ చేత్తోనే రాసేవాడు. రెండు డిగ్రీలకు ఒకే అంకె వస్తే ఆ గడి ఖాళీగా వదిలి ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేవాడు. మళ్ళీ కొలిచేదాకా సంతకం పెట్టేవాడు కాదు. అందుకే ఆయన అక్కడ ఖాళీల మాస్టారు. పరీక్షలో ఖాళీలు పూరించమంటే ఈయన కొత్తవి పెట్టొస్తాడని సూపర్‌వైజర్ ఎగతాళి చేసేవాడట.

తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో ఏ గడి ఖాళీగా ఉన్నా పట్టిక సేవ్ కాదు. ఒకసారి ఆరు ఇంక్యుబేటర్లకు వేయాల్సిన సెన్సర్లలో ముప్పై అయిదు డిగ్రీలకీ ముప్పై ఆరుకీ ఒకే అంకె వచ్చింది. మళ్ళీ కొలుస్తానన్నాడు మామయ్య. సాయంత్రానికల్లా బండి ఎక్కించాలి, పెద్దది వేసెయ్ అన్నాడు సూపర్‌వైజర్. మామయ్య వేశాడు. సంతకం పెట్టాడు.

ఏడో నెలలోనే పుట్టిన నా కూతురిని ఆ ఆరింటిలో ఒకదాంట్లో పెట్టారు. ఫిజిక్స్ చదివినదాన్ని, తెర మీద ముప్పై ఆరు కదలకుండా ఉంటే ధైర్యంగా ఉండేది. తొమ్మిదో రోజు మామయ్య చూడ్డానికొచ్చాడు. పాపకంటే ముందు యంత్రానికి అంటించిన, తన సంతకం ఉన్న చీటీ చూశాడు. గుండ్రటి తలుపులోంచి చెయ్యి పెట్టి పాప పాదం పట్టుకున్నాడు. నర్సును మామూలు థర్మామీటరు అడిగాడు. పెట్టి చూస్తే ముప్పై అయిదు. యంత్రం ముప్పై ఆరనుకుని హీటరు ఆపేసి కూర్చుంది.

నర్సు పాపను తీసి నా గుండెల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. పక్క ఇంక్యుబేటర్ ఖాళీగా ఉంది. అందులోని బాబు మొన్న పోయాడు. దాని చీటీ మీదా మామయ్య సంతకమే.

"నువ్వేం చెప్పకు మామయ్యా. మెషీన్ పాడైందనుకుంటారు," అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"మిగతా నాలుగు ఎక్కడున్నాయో వీళ్ళకి తెలీదు కదే," అని లేచాడు.

సాయంత్రానికి నాలుగూ దొరికాయి. వాటిలోని పిల్లలు బతికే ఉన్నారు. మామయ్య ఉద్యోగం పోయింది. పెద్దది వేయమన్నట్టు తనకు గుర్తులేదన్నాడు సూపర్‌వైజర్.

విచారణ రోజు నేనూ వెళ్ళాను. బాబు చావుకు చలే కారణమో కాదో చెప్పలేమని డాక్టరు అప్పటికే రాసిచ్చారు. అయినా మామయ్యకిచ్చిన కాగితంలో ఆ ప్రశ్న ఉంది: మీ పట్టికే కారణమా, అవును, కాదు. ఆ గడి ఖాళీగా వదిలి జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి సున్నా చుట్టాడు.

గుమాస్తా కాగితం వెనక్కి జరిపాడు. "ఖాళీగా ఉంటే తీసుకోం సార్. ఏదో ఒకటి రాయండి."

మామయ్య అవును అని రాశాడు. సంతకం పెట్టాడు.