ధర చెప్పని జీపు

మొన్న ప్రొద్దుటూరులో కొత్తగా పెట్టిన ఒక బట్టల దుకాణంలోకి అడుగుపెట్టగానే, గంజి దిగని కొత్త నూలు వాసన ముక్కుకు తగిలింది. నాకది రమీజాబీ పెద్దమ్మ కొట్టు వాసన. చీర మడిచి ఇస్తూ అక్కడి అమ్మాయి, "ఈ జాకెట్టు ముక్క ఊరికే ఇస్తున్నాం మేడం" అంది. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. ఊరికే అన్న మాట వింటే నాకు ఇప్పటికీ అనుమానమే. పుట్టుకతో వచ్చింది కాదు, ఆమె నేర్పింది.

మా నాన్న జమ్మలమడుగు మిషన్ బడిలో పంతులు. ఆయన పోయాక నేను రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చి రమీజాబీ కొట్లో అమ్మకాలు చూసేదాన్ని. ఆమెకు భర్త లేడు. ఒక్క కొడుకు ఉండి పోయాడట. ఎట్లా పోయాడని అడిగితే చుట్టుపక్కల కొట్లవాళ్లు మాట మార్చేవారు. ఆ రోజుల్లో మా వైపు ఎవరైనా నోరు విప్పే ముందు పక్కనున్నది ఏ పార్టీ మనిషో చూసుకునేవారు.

ఆమె నాకు మొదట నేర్పింది గుడ్డ కొలవడం కాదు. "కొల్చేది ఎవురైనా కొలుస్తారు మే. ధర మాట్లాడేటప్పుడు మనిషిని చూడు" అనేది. "ఎంత?" అన్నవాడు కొంటాడు. "ఎంతకిస్తావు?" అన్నవాడు బేరగాడు, వాడితో భయం లేదు. "శానా పిరెం", ఇంత ఖరీదా అని గుడ్డ విసిరికొట్టినవాడు నాలుగడుగులు వేసి తిరిగొస్తాడు. "అగ్గవే", చవకే అని ఒప్పుకున్నవాడు మర్నాడు మార్చమని వస్తాడు. "ధరదేముంది లే" అన్నవాడి మీదనుంచి మాత్రం చూపు తిప్పొద్దనేది.

ఆమె ఎవరికీ ఏదీ ఊరికే ఇచ్చేది కాదు. క్రిస్మస్‌కు నాకు మంచి చీర తీసి, "రూపాయి పెట్టు" అని చెయ్యి చాపింది. ముసలిది ఎంత పిసినారి అనుకున్నాను. "రూపాయి ఇస్తే ఇది నీదయిపోతాది. రేపు నేను నిన్నేమీ అడగలేను" అంది. అప్పుడు ఆ మాట నా బుర్రకెక్కలేదు.

ఒకసారి ఒక పార్టీ నాయకుడి తెల్లబట్టల మనుషులు ముగ్గురు వచ్చి, అన్న పంపించినాడు, డజను తువ్వాళ్లు కట్టమన్నారు. ఆమె కట్టి, ధర చెప్పింది. "అన్నకు గూడా ధర చెప్తాండావా?" అన్నాడొకడు. "చెప్పకుంటే అన్నకే చెడ్డపేరప్పా" అంది నెమ్మదిగా. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని దుడ్లు పెట్టి పోయారు.

మా తమ్ముడు ప్రసాదు డిగ్రీ తప్పి, డ్రైవింగ్ నేర్చుకుని ఖాళీగా తిరుగుతున్న ఏడాది, వేంపల్లె దాటాక ఒక ఊరి పెద్దాయన అమ్మకు కబురు పంపాడు. "మీ ఆయన నాకు అక్షరాలు నేర్పినాడు. నా కాడ జీపొకటి ఊరికే పడుండాది. పిల్లోణ్ణి తోలుకోని బతకమను" అని. అమ్మ మోకరించి ప్రార్థన చేసింది. నేను సంబరంగా కొట్లో చెప్పాను.

"ధరెంతన్నాడు?"

"ధరేం లేదు పెద్దమ్మా. మన పిల్లోడే కదా అన్నాడు."

"అయితే మీరు కొనలేరు మే. దానంత పిరెం ఇంగోటి లేదు."

నాకు ఒళ్లు మండింది. ఆమె చుట్టాలు ఆ పెద్దాయనకు అవతలి పార్టీ అని విని ఉన్నాను. మా తమ్ముడి నోటికాడి కూడు తీయడానికి చూస్తోందేమోనని అనుమానించాను కూడా. ఆ మాట ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది. "నేనూ వస్తా. ధర చెప్తే తీసుకోండి" అని మాతో బస్సెక్కింది.

పెద్దాయన మర్యాదగా కాఫీ ఇప్పించాడు. "జీపు ధర చెప్పప్పా. నెలనెలా కంతుల్లో కడతారు" అంది ఆమె. ఆయన నవ్వాడు. మళ్లీ అడిగింది. "మనలో మనకు ధరేంది?" అన్నాడు. మూడోసారి అడిగేసరికి నవ్వు పోయింది. "మీకు జీపు కావాల్నా, ధర కావాల్నా?"

"ధరే కావాలప్పా" అని ఆమె లేచింది. ఆ నవ్వు పోయిన మొహం చూశాక నేనూ లేచి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను.

వేంపల్లె బస్టాండులో ప్రసాదు మాకు దూరంగా పోయి నిలబడ్డాడు. అప్పుడు పెద్దమ్మ చెప్పింది. "నా కొడుక్కు మోటార్ సైకిల్ ఇచ్చినారు, ఊరికే. నాలుగు నెల్లు తోలినాడు. ఒగ దినం, ఫలానా మనిషి యాడుండాడో చూసి రా అన్న్యారు. ఊరికే తీసుకున్నోడు కాదని ఎట్లంటాడు? పోయినాడు. మళ్లా రాల్యా." కళ్లు తుడుచుకోలేదు. బస్సు వచ్చిందా అని చూసింది.

ఆ జీపు వేరే పిల్లవాడికి దక్కింది. ఏడాది తిరక్కుండా ఒక హత్య కేసులో జీపుతో సహా దాన్ని తోలినవాడు పోలీసుల చేతికి చిక్కాడు. అంతవరకూ నాతో సరిగా మాట్లాడని ప్రసాదు ఆ కబురు విని, కొట్టుకు వచ్చి పెద్దమ్మ ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు. ఇప్పుడు వేంపల్లెలో సొంత ఆటో తోలుతాడు. కంతులన్నీ కట్టేశాడు.

పెద్దమ్మను చివరి రోజుల్లో చూడటానికి పోతే, మంచం కింద నుంచి కొట్లో వాడిన ఇనుప గజంబద్ద తీయించి నా చేతిలో పెట్టింది. అలవాటు ప్రకారం నేను రూపాయి తీశాను. ఆమె నా పిడికిలి మూసేసింది.

"ధర చెప్పు పెద్దమ్మా" అన్నాను.

"అయిపోయింది లే. నా కొడుకు కట్టిపోయినాడు" అంది.

ఆ రూపాయి ఖర్చుపెట్టలేదు. గజంబద్ద పక్కనే బీరువాలో ఉంది. మొన్న దుకాణంలో ఆ అమ్మాయిని, "జాకెట్టు ముక్క ధర ఎంతమ్మా?" అని అడిగాను. ఊరికే మేడం అని నవ్వింది. బల్ల మీదే వదిలేసి వచ్చాను.