ఉన్ని సాక్సుల జత

లొరెట్టా పైక్‌కి యాభై ఎనిమిదేళ్లు, అరిగిపోయిన మోకాళ్లు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని మా ఊళ్లో ఎవరైనా మతి చెదిరి రోడ్డెక్కితే పోలీసుల బదులు తెల్ల వ్యాన్‌లో ఆమె వస్తుంది. యూనిఫారం ఉండదు, నడుముకి తుపాకీ ఉండదు. సాధువనుకుంటే పొరపాటు, బూతులు బాగా వచ్చు. ఎదుటివాడికంటే కిందగా కూర్చోవడం ఆమె పద్ధతి. వానైనా బురదైనా మూలుగుతూ కూలబడుతుంది.

మొన్న మధ్యాహ్నం బస్టాపు బెంచీ మీద డ్వేన్ అనే అతను ఉత్తకాళ్లతో వణుకుతూ, స్క్రూడ్రైవర్ పట్టుకుని, దగ్గరికొస్తే పొడుస్తానని అరుస్తున్నాడు. ఎవరో పోలీసుల్ని కూడా పిలిచారు. లొరెట్టా వ్యాన్ దిగేసరికి పోలీసు ఆఫీసరు తుపాకీ మీద చెయ్యేసి, "రెండు నిమిషాలే ఇస్తానమ్మా" అన్నాడు.

"నేనడిగానా? కారు దగ్గరకెళ్లి నుంచో" అని లొరెట్టా తడినేల మీద కూర్చుంది. స్క్రూడ్రైవర్ ఊసే ఎత్తలేదు. "కాళ్లు నీలంగా అయిపోయాయి గదయ్యా" అంటూ ఉన్ని సాక్సుల జత అతని వైపు జరిపింది. డ్వేన్ చాలాసేపు వాటినే చూశాడు. సాక్సు తొడుక్కోవాలంటే రెండు చేతులూ కావాలి. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, ఒక కాలికి సాక్సు తొడుక్కున్నాడు. వెంటనే ఆఫీసరు బేడీలు తీసి ముందుకొచ్చాడు. లొరెట్టా స్క్రూడ్రైవర్‌ని తన ఒళ్లోకి తీసుకుని, ఆఫీసరు వైపు తల కూడా తిప్పకుండా అంది: "ఆయనకింకో కాలు మిగిలుంది. ఆ బేడీలు లోపల పెట్టుకో."