ఆకుల కింది తెల్ల దారాలు

నా చిన్నప్పుడు మా పెద్దనాయన చేతిలో పట్టకారు చూశాను. మనిషి పళ్ళు పీకడానికి తెచ్చిన పట్టకారు. ఈ మాట చెబితే మా మనవలు నమ్మరు. మన భూపాలపల్లి దిక్కు అట్లాంటివి జరుగుతాయా అంటారు. జరిగింది, మా వాకిట్లోనే జరిగింది.

ఆ వానాకాలం పెద్దనాయన బర్రెలు రెండూ వెంటవెంటనే చచ్చిపోయాయి. వాగులో నీళ్ళు తాగి వచ్చి, నురగ కక్కి పడిపోయాయి. ఆ వాగు ఒడ్డునే పక్కింటి తాత చెలక, మెట్టచేను. ఎండాకాలం రాలిన మోదుగాకు, కానుగాకు ఊడ్చి గుంతలో వేసి ఎరువు చేసుకునేవాడాయన. గాలికి కొన్ని వాగులోనూ పడేవి. పెద్దనాయన కోపం కొద్దీ ఆ గుంత తవ్వితే, తడి ఆకుల మధ్య తెల్లటి దారాలు అల్లుకుని కనబడ్డాయి. వాగులో మునిగిన ఆకుల మీదా తెల్లటి నూగే. అదంతా మంత్రించిన దారమనుకున్నాడు. చేతబడి చేసేవాడి ముందరి పళ్ళు ఊడగొడితే మంత్రానికి నోరు తిరగదని అప్పట్లో మా వైపు ఒక పాడు నమ్మకం ఉండేది.

పొద్దున్నే పెద్దనాయన, ఇంకొందరు కలిసి తాతను ఈడ్చుకొచ్చి మా బండి చక్రానికి కట్టేశారు. మొదటి దెబ్బకే ముసలాయన పెదవి చిట్లింది. "నాకేం తెల్వది బిడ్డా" అంటూనే ఉన్నాడు. మొన్నటిదాకా ఆయన చెలకలో మక్కకంకులు కాల్చుకు తిన్నవాళ్ళే ఆయన తల కదలకుండా పట్టుకున్నారు. పన్ను ఊడొచ్చిన చప్పుడు నాకు వినబడింది, పచ్చికొమ్మ విరిగినట్టు. ఆ వెంటనే ఇంకొకటి. నేను గోడ పక్కన నిక్కరు తడుపుకుని నిలబడ్డాను.

అప్పుడొచ్చింది మా నాయనమ్మ, పెద్దనాయనను కన్నతల్లి. రెండు చేతులా కుళ్ళిన ఆకులు ఎత్తుకొచ్చి కొడుకు ముఖాన కొట్టింది. వాటి నిండా అవే తెల్లదారాలు.

"గివి మన పెరట్లయి, గవి మన బాయిలయి. మరి మంత్రం నేను జేసిన్నారా? గిది బూజు. రాలిన ఆకును తిని మన్ను జేస్తది. నీళ్ళల్ల పడ్డా గంతే."

"జర అడ్డం జరుగవ్వా" అన్నాడు పెద్దనాయన.

ఆమె జరగలేదు. తాత పక్కనే నేల మీద కూర్చుని నోరు తెరిచింది. "ముందు నాయి పీకు" అంది.

పట్టకారు ఆమె పెదవుల దాకా వచ్చి ఆగింది. దానికి అంటిన నెత్తురు ఆమె గడ్డం మీద పడింది, ఆమె తుడుచుకోలేదు. చివరికి పెద్దనాయన దాన్ని విసిరేసి కూలబడి ఏడ్చాడు. బర్రెలు ఎందుకు చచ్చాయో మాకు ఎన్నడూ తెలియలేదు.

ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను వాగుకు తీసుకుపోయి, నీళ్ళలోంచి ఒక ఆకు తీసి నా చేతిలో పెట్టింది. మెత్తగా నానిపోయి, సగం ఈనెలే మిగిలిన ఆకు. బూజు మెత్తబరిస్తే గాని పురుగులు దాన్ని తినలేవని చెప్పింది. భయపడకుండా పట్టుకోమంది. తాత ఇక ఉడికించిన గింజల గుడాలు నమలలేకపోయాడు. నాయనమ్మ వాటిని రోట్లో నూరి, పెద్దనాయన చేతికే ఇచ్చి పంపేది. తాత బతికున్నన్నాళ్ళూ పంపింది.

ఇప్పటికీ మా పెరట్లో ఆకులు నేనే కుప్ప వేస్తాను. తిరగేసినప్పుడు తెల్లదారాలు కనబడితే మా కోడలు మందు కొట్టమంటుంది. నేను మెల్లగా మళ్ళీ కప్పేస్తాను. అప్పుడు నా నాలుక దానంతట అదే ముందు పళ్ళను తడిమి చూసుకుంటుంది.