మిక్సింగ్ యాకోబు, కనబడని డ్రైవు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, స్టీలు సామాన్ల దుకాణం మీది అంతస్తులో యాకోబు మిక్సింగ్ యూనిట్ ఉంది. మిక్సింగ్ అంటే పెళ్ళి వీడియోల ఎడిటింగ్. ఫోటోగ్రాఫర్లు మెమరీ కార్డుల్లో తెచ్చిచ్చిన దాన్ని కోసి, అతికించి, పాటలూ పేర్లూ కలిపి, ఇంటివాళ్లు సోఫాలో కూర్చుని చూసేలా చేయడం అతని పని. గదిలో ఒకే కంప్యూటరు, ఒకే కుర్చీ. గుమ్మంలో నిలబడ్డవాడికి తెర వెనకభాగమే కనబడేలా బల్ల వేసి ఉంటుంది. వచ్చినవాళ్లు నిలబడే మాట్లాడి వెళ్ళాలి.

చిట్యాల అవతలి పల్లె నుంచి పెళ్ళిళ్లలో వీడియో లైటు పట్టుకోవడానికి వచ్చాడు యాకోబు. లైటు పట్టుకున్నవాణ్ణి ఎవరూ చూడరు. వాడికి మాత్రం అందరూ కనబడతారు. విడిది గదిలో ఏ పెట్టె ఎవరు తెరిచారో, ఏ మేనమామ ఎందుకు అలిగాడో, నవ్వుతున్న వియ్యంకుడు పక్కకు తిరిగి ఏమన్నాడో అన్నీ చూశాడు. మనుషుల మీద అతని అభిప్రాయం అక్కడే తయారైంది. తర్వాత కోఠీలో ఒక స్టూడియోలో క్యాసెట్ల కాలంలో మిక్సింగ్ నేర్చుకుని సొంతంగా పెట్టుకున్నాడు.

సొంతంగా పెట్టుకున్నాక రెండు దెబ్బలు తగిలాయి. తన దగ్గర పనిచేసిన అసిస్టెంటు టైటిల్ డిజైన్లన్నీ పెన్‌డ్రైవులో వేసుకుపోయి చైతన్యపురిలో యూనిట్ తెరిచాడు. రిపేరుకిచ్చిన కంప్యూటరులో ఉండాల్సిన ర్యామ్‌లో సగం ఎవరో మెకానిక్ తీసేసుకున్నాడు. అప్పటి నుంచి యాకోబు అసిస్టెంటును పెట్టుకోలేదు. కంప్యూటరు డబ్బా మూసే మరమేకుల మీద కూతురి నెయిల్ పాలిష్ చుక్క పెడతాడు, ఎవరైనా విప్పితే పగిలి తెలుస్తుందని. ఇక ఏ పెళ్ళినీ రెండో చోట దాచడు. రెండు చోట్ల ఉన్న వస్తువు ఏదో ఒక చోట దొంగలపాలవుతుందని అతని సిద్ధాంతం.

భార్య ఎలీశమ్మ దవాఖానలో ఆయా. అల్మాస్‌గూడలో ఇల్లు. తన భర్త చర్చిలో ప్రార్థనప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతాడని, దేవుడి మీద నమ్మకం లేక కాదు, బయట విడిచిన చెప్పుల మీద నమ్మకం లేకనని ఆమె అందరికీ చెబుతుంది. యాకోబు కాదనడు.

ఈ శ్రావణంలో పెళ్ళిళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వనస్థలిపురంలో పట్టాభి గారి అమ్మాయి సింధూర పెళ్ళిని ఇబ్రహీంపట్నం ఫోటోగ్రాఫర్ మట్టయ్య తీశాడు. మర్నాడు పొద్దున్నే కార్డులు తెచ్చాడు. సాయంత్రం అతనికి ఇంకో ముహూర్తం ఉంది, అవే కార్డులు కావాలి. సీజన్లో ఈ లైన్లో ఒక పద్ధతి ఉంది. తెర మీద కాపీ గీత చివరిదాకా నిండగానే మిక్సింగ్ చేసేవాడే కార్డును ఖాళీ చేసి ఫోటోగ్రాఫర్ చేతిలో పెడతాడు. మిగతా యూనిట్లవాళ్లు ముందు ఇంకో హార్డ్ డిస్కులో కూడా వేసుకుని ఆ పని చేస్తారు. యాకోబు తన సిద్ధాంతం ప్రకారం ఒక్క చోటే వేసి, కార్డులు ఖాళీ చేసి ఇచ్చేశాడు. మట్టయ్య చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

మట్టయ్య రావడానికి ముందురోజు ఒక చిన్న సంగతి జరిగింది. వేరే పెళ్ళి తాలూకు చిన్న ముక్కను వాట్సాప్‌లో పంపడానికి యాకోబు తన ఫోన్ నెట్‌ను కంప్యూటరుకు కలిపాడు. మామూలుగా కలపడు. కలిపిన కాసేపటికే కంప్యూటరు అప్‌డేట్ దించుకుంది, ఆపబోతే ఆగకుండా దాన్ని ఎక్కించుకుంది. తెర మీద గుండ్రంగా తిరుగుతున్న చుక్కల్ని యాకోబు పిలవకుండా ఇంట్లోకి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు.

మట్టయ్య వెళ్ళాక, ఇంకో ఫోటోగ్రాఫర్ ఇచ్చిపోయిన చౌటుప్పల్ పెళ్ళి కార్డులను కాపీకి పెట్టాడు. సగం దాటాక తెర నీలమైపోయింది. కంప్యూటరు దానంతటదే మళ్లీ లేచింది. లేచాక వీడియోలు దాచే ఎస్ఎస్‌డీ డ్రైవు కనబడలేదు. పాడైందన్న మాట కూడా లేదు. అసలు అలాంటి డ్రైవు ఆ డబ్బాలో ఎన్నడూ లేనట్టే ఉంది. సింధూర పెళ్ళి ప్రపంచంలో ఉన్నది ఆ డ్రైవులోనే.

ప్లగ్గు పీకి, కాసేపాగి పెట్టాడు. డ్రైవు వచ్చింది. ఫైళ్లన్నీ ఉన్నాయి. ఆ క్షణంలో సింధూర పెళ్ళిని బయటికి తీసుకుంటే సరిపోయేది. యాకోబు తీసుకోలేదు. కరెంటు తేడా అనుకుని చౌటుప్పల్ కాపీని మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ నీలం తెర. ఈసారి ప్లగ్గు ఎన్నిసార్లు పీకినా డ్రైవు రాలేదు.

మొదటి అనుమానం కింది దుకాణం మీద పడింది. స్టీలు సామాన్ల మీద పేర్లు చెక్కే చిన్న మిషను అక్కడ శ్రావణమంతా గీపెడుతూనే ఉంటుంది. దానివల్లే కరెంటు ఎగిరి పడుతోందని యాకోబు కిందికి దిగి దుకాణదారు సాంబమూర్తిని నిలదీశాడు. భీమవరం నుంచి వచ్చి స్థిరపడ్డ సాంబమూర్తి చేతిలో బిందె దించకుండానే విన్నాడు.

“అయితే ఇప్పుడేం చెయ్యమంటావయ్యా? నీ కంప్యూటరు కోసం పెళ్ళివారి బిందె మీద పేరు చెక్కడం మానెయ్యనా? పదేళ్ల నుంచీ చెక్కుతున్నాను. నిన్నటిదాకా లేనిది ఇవ్వాళెలా వచ్చింది?”

ఆ చివరి ప్రశ్న యాకోబుకు నచ్చింది. ఈ మధ్య కొత్తగా వచ్చింది ఏమిటని ఆలోచిస్తే ఆ డ్రైవే తోచింది. ఆషాఢంలో, సీజన్ మొదలుకాకముందు బిగించినది. బిగించింది ఎల్బీనగర్‌లో కంప్యూటరు షాపు నడిపే మురళీకృష్ణ. యాకోబుకు నచ్చిన మెకానిక్ అంటూ ఉంటే అతనొక్కడే. ఇప్పుడు ఆ మురళీకృష్ణే అసలు కంపెనీ స్టిక్కరును ఏదో డూప్లికేటు డ్రైవు మీద అంటించి ఉంటాడని అనుకున్నాడు. అనుకున్న కొద్దీ రుజువులు దొరికాయి. ఆ రోజు మురళీకృష్ణ డ్రైవు అట్టపెట్టె ఇవ్వలేదు. బిగించేటప్పుడు మధ్యలో ఫోన్ వచ్చిందని బయటికి వెళ్ళాడు. టీ తెప్పించాడు కూడా. అతను ఊరికే టీ తెప్పించే మనిషి కాదు.

ఈలోగా పట్టాభి గారు ఫోన్ చేశారు. అమ్మాయి ఆదివారం అత్తారింటికి వెళ్తోందని, వీడియో అంతా తర్వాత ఇచ్చినా ఫరవాలేదని, జీలకర్రా బెల్లం ముక్క ఒక్కటి ముందుగా పంపగలరా అని మర్యాదగా అడిగారు. పని నడుస్తోందని యాకోబు అబద్ధం చెప్పాడు. ఫోన్ పెట్టేసి, ఎక్కడైనా ఒక్క కార్డు ఖాళీ చేయకుండా మిగిలిందేమోనన్న ఆశతో మట్టయ్యకు చేశాడు. మట్టయ్య సంగతి గ్రహించాడు.

“అన్నా, ఒక్క మాట ముందుగాలనే చెప్తున్న. కార్డు ఖాళీ చేసింది నువ్వు. నేను చెయ్యి గూడ వెట్టలే. రేపు పట్టాభి సారు అడిగితే నేను గిదే చెప్త.”

ఎలీశమ్మకు చేస్తే ఆమె ఇంకో మాట అంది. “మురళన్నను అనుమానపడుడు తర్వాత. ముందుగాల వాళ్ల వీడియో ఎట్ల దొర్కుతదో జూస్కో. పెండ్లి మళ్ల చేస్తరా వాళ్లు?”

కంప్యూటరు డబ్బాను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఎల్బీనగర్ వెళ్ళాడు యాకోబు. మెట్రోలో వెళ్ళొచ్చు. సంచుల తనిఖీలో ఎవడి చేతిలోనైనా పెట్టాల్సి వస్తుందని వెళ్ళలేదు.

వనస్థలిపురంలో ఉండే మురళీకృష్ణది గుంటూరు వైపు. నెమ్మదిగా మాట్లాడతాడు. జరిగింది విని, డబ్బాను వెలుతురులోకి తిప్పి, మరమేకుల మీద గులాబీ రంగు చుక్కలు చూశాడు. గోటితో ఒకటి గీకాడు.

“ఇదేంటి యాకోబూ?”

యాకోబు చెప్పాడు. దాచడానికి ఏమీ లేదనుకున్నాడో, దెబ్బ కొట్టాలనుకున్నాడో, మొత్తం చెప్పాడు. స్టిక్కరు సంగతీ, అట్టపెట్టె సంగతీ, టీ సంగతీ.

మురళీకృష్ణ గోటికి అంటిన రంగు తుడుచుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతోనే అన్నాడు. “మా ఆవిడక్కూడా ఇన్నేళ్లలో నేనెప్పుడూ నెయిల్ పాలిష్ కొనివ్వలేదయ్యా. నువ్వు నా కోసం ఖర్చు పెట్టావు. సంతోషం. చుక్కలు పగల్లేదుగా మరి? బిగించాక ఎవరూ విప్పలేదని నీ చుక్కలే చెబుతున్నాయి.”

“బిగించినప్పుడే మార్చి ఉండొచ్చు గద.”

“ఉండొచ్చు,” అన్నాడు మురళీకృష్ణ.

అప్పుడు అతను చెప్పిన సంగతి ఇది. ఈ వారంలో ఇదే జబ్బుతో ఇంకో రెండు కంప్యూటర్లు వచ్చాయి. రెండూ ఈ నెల అప్‌డేట్ ఎక్కినవే. పెద్ద పెద్ద ఫైళ్లు ఆపకుండా రాస్తున్నప్పుడు, అందులోనూ సగానికి పైగా నిండి ఉన్నప్పుడు, డ్రైవు మాయమవుతోంది. చిన్న పనులకు ఏమీ కాదు. ఇంటర్నెట్లో కూడా కొందరు ఇదే రాస్తున్నారు. అప్‌డేట్ ఇచ్చినవాళ్లు తమ పరీక్షల్లో ఆ లోపం కనబడలేదంటున్నారు. డ్రైవులో చిప్పు చేసేవాళ్లదీ అదే మాట. నిజంగా దేనివల్లో తనకూ తెలియదని మురళీకృష్ణ ఒప్పుకున్నాడు.

“దొరికినంక ప్రతోడు గిట్లనే అంటడు, అందరి ఇండ్లల్ల గూడ దొంగలు పడ్డరని,” అన్నాడు యాకోబు.

ఆ మాటతో మురళీకృష్ణ చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు.

“సరే. ఇది విను. డ్రైవు పైకి తీసి, ఆ అప్‌డేట్ ఎక్కని పాత కంప్యూటరుకు తగిలిస్తాను. కనబడితే రాయను, చదవడమే. కొంచెం కొంచెంగా బయటికి లాగుతాను. రావచ్చు, రాకపోవచ్చు. కానీ నువ్వు నా వెనక నిలబడితే చెయ్యను. బయటికి వెళ్లు. లేదంటే ఇంకోడి దగ్గరికి తీసుకుపో.”

ఇంకోడు లేడు. ఉన్నా వాడి మీద అనుమానం ఇంతకన్నా ఎక్కువే. ఆదివారం దగ్గర పడుతోంది. యాకోబు లేచి బయటికి వచ్చాడు.

రోడ్డవతల టీ బండి దగ్గర షాపు గుమ్మం కనబడే చోట నిలబడ్డాడు. సాగర్ రోడ్డు వైపు వెళ్ళే బస్సులు ఆగినప్పుడల్లా గుమ్మం కనబడకుండా పోయేది. అతను పక్కకు జరిగేవాడు. బస్సు కూడా జరిగేది. లోపల నుంచి మురళీకృష్ణ చూశాడో ఏమో, వచ్చి షట్టరు సగం దించాడు. ఇక కనబడేది బల్ల కింద కాళ్లు మాత్రమే. యాకోబు రెండు అడుగులు రోడ్డు మీదికి వేసి ఆగాడు. ఇప్పుడు వెళ్ళి షట్టరు ఎత్తితే మురళీకృష్ణ పని ఆపేస్తాడు. మాట మీద నిలబడే మనిషేనని యాకోబుకు తెలుసు. ఆ సంగతి తెలిసి కూడా అతణ్ణి దొంగంటున్నానన్న ఆలోచన అప్పుడు మొదటిసారి వచ్చింది. ఎక్కువసేపు నిలవలేదు. వెనక్కి వెళ్ళి బండివాడు చూపించిన డబ్బా మీద కూర్చున్నాడు, రోడ్డుకు వీపు పెట్టి.

ఎండ తగ్గాక మురళీకృష్ణ పిలిచాడు. పాత కంప్యూటరులో డ్రైవు కనబడింది. రెండుసార్లు మళ్లీ పోయిందట, చల్లబరిచి తగిలిస్తే వచ్చిందట. సింధూర పెళ్ళి మొత్తం వచ్చింది, భోజనాల దగ్గరి ఒక ముక్క తప్ప. చౌటుప్పల్ పెళ్ళి కార్డులు ఇంకా నిండుగా ఉన్నాయి కాబట్టి దాని గొడవ లేదు.

యాకోబు కుర్చీ లాక్కుని ఒక్కో ఫైలూ తెరిచి చూడసాగాడు. ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు. ప్రతిదాన్నీ మొదట్లో, మధ్యలో, చివర్లో నొక్కి చూశాడు. మురళీకృష్ణ ఆపలేదు. ఇంకో కస్టమరుతో మాట్లాడుకుంటున్నాడు. చూడటం అయ్యాక బల్ల మీద రెండు హార్డ్ డిస్కులు పెట్టాడు.

“ఒకటి నీది. రెండోది నా దగ్గరుంటుంది. వీడియో పట్టాభి గారి చేతికి చేరాక నీ ముందే చెరిపేస్తాను. వద్దంటే ఇప్పుడే చెప్పు, ఇప్పుడే చెరిపేస్తా.”

ఎన్నో ఏళ్లుగా ఒక్క పెళ్ళినీ ఇంకొకరి దగ్గర వదలని మనిషి యాకోబు. వద్దనడానికే నోరు తెరిచాడు. డ్రైవు లేని ఆ తెర గుర్తొచ్చింది కాబోలు, మూసుకున్నాడు.

“గా పైన అరల గాదు. లోపట పెట్టు. తాళం ఉన్నదాంట్ల,” అన్నాడు.

మురళీకృష్ణ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. యాకోబు చేయి చాచాడు. అతను ఇవ్వలేదు.

మర్నాడు జీలకర్రా బెల్లం ముక్క పట్టాభి గారికి వెళ్ళింది. అబ్బ, ఎంత చక్కగా ఉందండీ అన్నారాయన. మురళీకృష్ణ కంప్యూటరులో ఆ అప్‌డేట్‌ను తీసేసి, డ్రైవునూ మార్చి ఇచ్చాడు. అసలు తప్పు ఎవరిదో తేలలేదు. అప్‌డేట్ ఇచ్చినవాళ్ల మీదా, డ్రైవు చేసినవాళ్ల మీదా, కొత్త డ్రైవు మీదా యాకోబు తన అనుమానాన్ని సమానంగా పంచాడు. మిగిలిన పెళ్ళి కోస్తూ మధ్యాహ్నం ఎల్బీనగర్‌కు ఫోన్ చేసి, ఉన్నదా అని అడిగాడు. ఉందన్నాడు మురళీకృష్ణ. సాయంత్రం మళ్లీ చేశాడు.

“ఉంది యాకోబూ. నువ్వు ఫోన్ పెట్టేస్తే నేను షాపు మూస్తాను. మూస్తే ఇంకా భద్రంగా ఉంటుంది.”

షట్టరు పూర్తిగా దించుతావా, సగమేనా అని యాకోబు అడిగాడు.