రౌటర్ నిషేధ జాబితాలో ఒక ఫోను

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను కరీంనగర్ నుంచి మెట్‌పల్లి సెక్షన్‌కు ఇంజనీరుగా వేశారు. ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఫైబర్ లైన్లు, వాటి ఫిర్యాదులు నా పని. స్వచ్ఛంద విరమణ తీసుకుని రెండేళ్లయింది. ఇప్పటికీ పాతవాళ్లు కలిసి మెట్‌పల్లి మాట వస్తే చాలు, ఒక కథ మొదలుపెడతారు. ఒక కోడలు పిన్నీసుతో గుచ్చి రౌటర్‌ను చంపిందట. లైన్‌మన్ బతికిస్తే మర్నాడు మళ్లీ చంపిందట. చివరికి మేడం వెళ్లి ఆ పిల్లకు బుద్ధి చెప్పి వచ్చిందట. ఆ మేడం నేనే కాబట్టి చెబుతున్నాను, ఈ కథలో పిన్నీసు ఒక్కటే నిజం. బుద్ధి చెప్పాల్సి వచ్చింది మావాళ్లకు.

ఆ పిల్ల పేరు లావణ్య. లెక్కల్లో ఎమ్మెస్సీ. భర్త నరేష్ మస్కట్‌లో డ్రైవరు. ఇంట్లో అత్త లచ్చవ్వ, మామ రాజయ్య. గల్ఫ్‌లో ఉండే మన పిల్లలకు వీడియోలో లెక్కలు చెప్పించే ఒక ట్యూషన్ సంస్థలో ఆమె ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. నమూనా పాఠం చెప్పి చూపించాలి. మొదటి పాఠం మధ్యలోనే తెగిపోయింది. శనివారం నాలుగింటికి ఇంకొక అవకాశం ఇచ్చారు, అదే ఆఖరిది. మొబైల్ సిగ్నల్ ఆ గల్లీలో ఒక గీత దాటదు. ఇంటి ఇంటర్నెట్ తప్ప ఆమెకు దారి లేదు.

పాఠం తెగిన రోజే ఆమె ఫిర్యాదు చేసింది. అందరి ఫోన్లలో నెట్ వస్తోంది, తన ఒక్కదానిలోనే రావడం లేదని. మా ఫిర్యాదుల విభాగం ఆఫీసు నుంచే లైను పరీక్షించి, లైను బాగుంది, లోపం ఫోనుదే అని రాసి మూసేసింది. ఒక్క ఫోనుకే నెట్ ఎందుకు ఆగుతుందని అడగాలన్న ఆలోచన ఆ కుర్చీలో కూర్చున్న ఎవరికీ రాలేదు.

అప్పుడామె రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్నీసు పెట్టి పది సెకన్లు నొక్కింది. దాన్నే రీసెట్ అంటారు. నొక్కితే రౌటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా అవుతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్, అడ్డంకులు అన్నీ పోతాయి. వాటితో పాటు, ఇంటర్నెట్‌కు తలుపు తీసే కనెక్షన్ పేరు, దాని రహస్య పదం కూడా పోతాయి. అవి కనెక్షన్ ఇచ్చిన రోజు మా ఫారం మీద రాసి కస్టమర్ చేతికివ్వాలి. మా లైన్‌మన్లు ఎవరికీ ఇవ్వరు. జేబు డైరీలో రాసుకుంటారు. ఇస్తే జనం కెలుకుతారని వాళ్ల వాదన. అందుకని ఆ ఇంట్లో బుధవారం మొత్తానికే నెట్ పోయింది. తప్పు పిన్నీసుదా, డైరీదా?

లైన్‌మన్ శ్రీను వెళ్లి పది నిమిషాల్లో బాగుచేశాడు. ప్రతి ఇంటి రౌటర్ సెట్టింగులనూ, అవి మారినప్పుడల్లా, తన ఫోనులో ఫైలుగా దాచుకోవడం అతని అలవాటు. ఆ ఫైలు తిరిగి ఎక్కించాడు. అందరికీ నెట్ వచ్చింది, లావణ్యకు రాలేదు. గురువారం ఆమె మళ్లీ నొక్కింది. శుక్రవారం పొద్దున రాజయ్య నేరుగా ఆఫీసుకు వచ్చాడు.

"మేడం, గా డబ్బకు ఎనుక పొక్క ఎందుకు పెట్టిండ్రు? మైనంతోనన్న, సిమెంటుతోనన్న మూసిపారెయ్యుండ్రి," అన్నాడు. "మా కోడలు చదువుకున్నది. చదువుకున్నోళ్ల చేతికి పిన్నీసు ఇయ్యద్దు."

ఆ పొక్క మూయడం మా పని కాదని చెప్పి, శ్రీనును తీసుకుని మధ్యాహ్నం నేనే వెళ్లాను.

ఈసారి ఫైలు ఎక్కించనివ్వలేదు. ల్యాప్‌టాప్‌ను తీగతో రౌటర్‌కు కలిపి, బ్రౌజర్‌లో రౌటర్ చిరునామా కొట్టి, రౌటర్ అడుగున అంటించిన చీటీ మీది పేరు, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లి, శ్రీను డైరీ చూసి కనెక్షన్ వివరాలన్నీ చేత్తో నింపాను. అయిదు నిమిషాల పని. లావణ్య ఫోనులో నెట్ వచ్చింది.

"అరె, గీమె దాన్ల గూడ వచ్చింది," అన్నాడు రాజయ్య. ఆ గొంతులో సంతోషం ఉందని నేను ప్రమాణం చేయలేను.

"ఇప్పుడు నీ ఫైలు ఎక్కించు," అన్నాను శ్రీనుతో.

"ఎందుకు మేడం, మంచిగ నడుస్తుంటే?"

"నడుస్తున్నది కాబట్టే."

ఎక్కించాడు. రౌటర్ ఆరి వెలిగింది. అందరి ఫోన్లూ కలిశాయి. లావణ్య ఫోను కలవలేదు. ఆమె ఫోను తెర నావైపు తిప్పి పట్టుకుంది. భద్రత అనే పేజీ తెరిచాను. అందులో నిషేధ జాబితా ఉంటుంది. ప్రతి ఫోనుకూ పుట్టుకతో వచ్చే పన్నెండు అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని ఈ జాబితాలో రాస్తే ఆ ఫోనుకు నెట్ అందదు. జాబితాలో ఒకే ఒక్క గుర్తు ఉంది. లావణ్య ఫోను తీసుకుని సరిచూశాను. అదే.

"గిది నేను పెట్టలే మేడం," అన్నాడు శ్రీను ముందుగానే. తర్వాత గుర్తుచేసుకుని, "పెట్టిన గని, టికెట్ వస్తేనే పెట్టిన. ఆఫీసుల కూసొని చేసిన. ఎవల ఫోనో నాకెట్ల ఎరుక?" అన్నాడు.

టికెట్ అంటే ఫిర్యాదు నంబరు. తీసి చూస్తే, రిజిస్టరైన మొబైల్ నుంచి ఫోన్ వచ్చింది, కస్టమర్ కోరిక మేరకు ఈ గుర్తున్న ఫోనును ఆపాలి అని ఉంది. మా విభాగం నంబరూ, కస్టమర్ పేరూ, పుట్టినతేదీ అడిగి సరిపెట్టుకుంటుంది. కనెక్షన్ నరేష్ పేరు మీద ఉంది, నంబరూ అతనిదే. కానీ మస్కట్ పోయేవాళ్లు ఇక్కడి సిమ్మును ఇంట్లోనే వదిలిపోతారు. నరేష్ సిమ్ము ఆ ఇంట్లో టీవీ పక్కన అరలో ఉన్న బటన్ల ఫోనులో ఉంది. ఎవరి చేతికైనా అందుతుంది. పుట్టినతేదీ ఇంటిల్లిపాదికీ తెలిసిందే.

లావణ్య టికెట్ మీది తేదీ, వేళ చూసి నవ్వింది. "మొదటి పాఠం నాడు పొద్దుగాల చెప్తే, పాఠం నడుమల ఆపిండ్రన్నట్టు," అంది.

జాబితాలోంచి ఆ గుర్తు తీసేయాలంటే కనెక్షన్ ఉన్నవాడి అనుమతి ఉండాలని నిబంధన. నరేష్‌కు వీడియో కాల్ చేయించాను. విషయం చెబితే, "నాకెందుకు మేడం గీ లొల్లి, బాపును అడుగుండ్రి," అన్నాడు. ఆ ఫోనును ఆపమన్నది నువ్వేనా అంటే, "బాపును అడుగుండ్రి," అన్నాడు మళ్లీ.

రాజయ్య వైపు తిరిగాను. "కనెక్షన్ వానిది, వాన్నే అడుగుండ్రి," అన్నాడు.

ఆపమని మీలో ఎవరైనా రాసి సంతకం చేశారా అని అడిగాను. రాజయ్య తల అడ్డంగా ఊపాడు. "అయితే ఇది మీ కోరిక కాదు, మా పొరపాటు. మా పొరపాటు దిద్దుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు," అని చెప్పి గుర్తు తీసేశాను. రౌటర్ లోపలికి వెళ్లే పాస్‌వర్డ్ మార్చి, దానితో పాటు కనెక్షన్ పేరూ రహస్య పదమూ ఫారం మీద రాసి లావణ్య చేతిలో పెట్టాను. శ్రీను ఫోనులోని ఫైలు చెరిపించాను.

"ఇంటి తాళం చెవి ఇచ్చినట్టున్నదే," అన్నాడు రాజయ్య.

"ఆమె ఈ ఇంట్లో ఉండటం లేదా?" అన్నాను.

శనివారం పాఠం తెగలేదు. పని దొరికిందని లావణ్య మరుసటి వారం ఫోన్ చేసి చెప్పింది. కనెక్షన్ ఉన్నవాడికి కాకుండా వేరొకరికి పాస్‌వర్డ్ ఎందుకిచ్చారని పై ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. ఎవరు ఫిర్యాదు చేశారో అందులో లేదు. ఆ ఇంట్లో ఉండే మనిషికే ఇచ్చాను అని ఒక్క వాక్యం రాసి పంపాను.

ఈ పనిలో నేను నేర్చుకున్నవి రెండు. ఏముందో చదవకుండా పాత ఫైలు ఎక్కించకూడదు, దానితో పాటు పాత తప్పూ ఎక్కుతుంది. ఒక్క ఫోనుకే నెట్ ఆగితే ఫోనును కాదు, ముందు జాబితాను చూడాలి. ఆ తర్వాత మా సెక్షన్‌లో రాత కాగితం లేకుండా ఎవరి ఫోనూ ఆపనివ్వలేదు.

టికెట్ పెట్టిన గొంతు ఎవరిదో తెలుసుకుందామని రికార్డింగ్ అడిగాను. కస్టమర్ సంతకంతో దరఖాస్తు కావాలన్నారు. కస్టమర్ నరేషే. అతను ఆ దరఖాస్తు పెట్టలేదు.

ఆ రోజు బయలుదేరుతుంటే, అంతసేపూ ఒక్క మాటా మాట్లాడని లచ్చవ్వ గేటు దాకా వచ్చింది.

"మేడం, గా బటన్ల ఫోన్ల నుంచి ఎవలు మాట్లాడిండ్రో మీకు ఎరుకైతదా?" అని అడిగింది.

టికెట్ చూస్తే తెలియదు, నంబరు ఒక్కటే తెలుస్తుంది అన్నాను. తల ఊపి లోపలికి పోయింది. ఆమె ఆ మాట అడిగింది ఎవరు చేశారో తెలుసుకోవడానికా, ఎవరికీ తెలియదని రూఢి చేసుకోవడానికా?