సినిమా హాల్లో కురిసిన వాన

జ్యేష్ఠ మాసం చివరి ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు నేను వాన కురిపించాను. తొమ్మిదేళ్ల కిందటి మాట. ఆ వానకు మా చేను ఒక్క చుక్క తడవలేదు. నా పరువు మాత్రం నిలువునా తడిసింది. ఎట్లాగో చెప్తాను, నవ్వుకోండి. వద్దన్నా మీరు ఆగరు.

ఆ ఏడు వేరుశనగ కాయలు ఒలిచి విత్తనం సిద్ధం చేసుకున్నాం. చేను దున్ని పెట్టుకున్నాం. లేనివి రెండే: వాన, విత్తనం వేసే గొర్రు లాగే ఎద్దులు. వాన దేవుడి చేతిలో ఉంది. ఎద్దులు మా మరిది ఓబులేసు చేతిలో ఉన్నాయి. ఇద్దరిలో దేవుడే నయం, ఆయనతో మాకు మాటలున్నాయి.

అంతకు మూడేళ్ల ముందు, కరువులో, మా ఇంటాయన తమ్ముడికి చెప్పకుండా కాడెద్దుల్లో ఒకదాన్ని సంతలో అమ్మేశాడు. దాన్ని దూడనాటి నుంచి సాకినవాడు ఓబులేసు. మిగిలిన ఎద్దును తోలుకొని అతను అత్తగారి ఊరికి పోయాడు. అక్కడే దానికి జత చూసుకున్నాడు. అప్పటినుంచి అన్నదమ్ములు ఎదురుపడితే చెరో పక్కకు చూసేవారు. గొర్రు తెమ్మని ఒక్క మాట అడగమంటే, చేను బీడు పడినా సరే అడగననేవాడు మా ఆయన. మా నేలలో తడి పదును రెండు రోజులు నిలిస్తే గొప్ప. వాన పడ్డాక ఎద్దుల కోసం వెతుక్కుంటూ కూర్చుంటే ఆ ఏడు బీడే. అది ఆయనకూ తెలుసు. తెలిసీ మొండికేసిన మనిషి కూలబడిన ఎద్దులాంటివాడు, తోక మెలిపెట్టినా లేవడు.

ఇట్లా ఉండగా, అనంతపురంలో బట్టల అంగట్లో పనిచేసే మా కూతురు సుజాత నన్ను సినిమాకు తీసుకుపోయింది. నేను యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చినదాన్ని. కాబట్టి తెరమీద పడిన పేర్లన్నీ బిగ్గరగా చదివాను. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

సినిమాలో ఒక శాస్త్రవేత్త. తలకు గిన్నెలాంటి యంత్రం బోర్లించుకొని ఇతరుల కలల్లోకి పోతాడు. మేలుకుంటాడు, అదీ కలే. మళ్లీ మేలుకుంటాడు, అదీ కలే. మా ఊరి బస్సు కూడా దారిలో అన్నిసార్లు ఆగదు.

"ఇప్పుడు నిద్దరపోతాండాడా, లేసినాడా?" అని సుజాతను అడిగాను.

"కలలో చలి తెలీదంటమ్మా. ఒళ్లు చల్లబడితే అది నిజమంట."

ఈ ఒక్క ముక్క నాకు బాగా ఎక్కింది. ఎక్కిన వెంటనే నిద్ర పట్టింది.

కలలో మా చేను. నడిమధ్య నిలబడి ఉన్నాను. ఆకాశం పగిలినట్టు ఉరిమింది. ఉలిక్కిపడి కళ్లు తెరిస్తే చుట్టూ చీకటి, ధారగా వాన చప్పుడు, వెంట్రుకలు నిక్కబొడుచుకునేంత చలి. చలి ఉంది కాబట్టి నిజమే. శాస్త్రవేత్తే చెప్పాడు గదా. ఆ చలి హాలులోని ఏసీది గదా, చేలో కుర్చీ ఎందుకుంటుంది అని అడగాల్సిన బుద్ధి ఇంకా నిద్ర లేవలేదు.

ఫోనులో ఓబులేసు పేరు వెతికి పట్టుకున్నాను. అక్షరం రాని రోజుల్లో అయితే ఈ తప్పు నా చేత అయ్యేదే కాదు. చదవేస్తే ఉన్న మతి పోతుందన్నవాళ్లు నన్ను చూసే అని ఉంటారు.

"ఓబులేసూ, మన చేన్లో వాన దంచుతాండాది. ఎద్దుల్ని తోలుకొని రాప్పా."

మూడేళ్లకు విన్న గొంతు.

"ఔ వదినా, ఉరుములు నాకూ వినపడతాండాయి. బయల్దేరతాండా."

మా సీమలో వాన, ఎద్దు ఒక కొమ్మును తడిపి రెండో కొమ్మును వదిలేస్తుంది. ఏడు కిలోమీటర్ల అవతల, తానున్న ఊళ్లో ఎండ కాస్తున్నా అతను నమ్మడంలో వింతేమీ లేదు.

సుజాత నా మోచేయి గుంజింది, ఎవరితో మాట్లాడుతున్నావని. తెరమీద వాన ఆగింది. నాకు చెమటలు మొదలయ్యాయి. బయటికి ఉరికితే ఎండ పెనంలా కాలుతోంది. మళ్లీ ఫోను చేస్తే తోడికోడలు ఎత్తింది. అతను ఫోను ఇంట్లోనే మరిచి, గొర్రు వేసుకొని పోయాడట.

"పోతా పోతా నవ్వుకుంటా పోయినాడక్కా," అంది.

ఆ నవ్వు నా గుండె మీద బండలా పడింది. ఎండిన చేను చూస్తే ఎగతాళి చేశామనుకోడా? నిజంగా వాన పడిన రోజున ఇంక వస్తాడా?

బస్సు దిగి తల్లీకూతుళ్లం చేనికి పరుగెత్తాం. రాళ్లు ఏరుతున్న మా ఆయన ఒక గట్టున, ఓబులేసు ఇంకో గట్టున, నడుమ దుమ్ము. ఇద్దరూ ఆకాశం వైపు చూస్తున్నారు. ఒకరి ముఖం ఒకరు చూడటం కంటే అది సులువు.

"వాన యాడ వదినా?" అన్నాడు ఓబులేసు.

"సినిమాలోనప్పా."

గిన్నె యంత్రంతో సహా అంతా ఒప్పుకున్నాను. మా ఆయన తల దించుకున్నాడు.

"మీ వదిన నిద్దరలో పిలిచిందిలే. ఇంగ పో."

మూడేళ్లకు తమ్ముడితో ఆడిన మొదటి మాట 'పో'. ఓబులేసు పోలేదు. కాడి దించి, ఎద్దులను వేపచెట్టుకు కట్టాడు.

"నన్ను పిలిచింది వదిన. వాన కాదు. అదొచ్చేదాకా ఈడే ఉంటా. ఎద్దులకు నీళ్లు చూడన్నా."

మా ఆయన బిందె తెచ్చాడు. పాత ఎద్దు నీళ్లు తాగుతుంటే దాని గంగడోలు నిమురుతూ, "నీ జతను అమ్మింది తప్పే," అన్నాడు ఎద్దుతో. ఎద్దు తల ఎత్తలేదు. వినాల్సినవాడు విన్నాడు.

వాన పదకొండో రోజు వచ్చింది. అదే పూట విత్తనం నేలలో పడింది. అన్నాళ్లూ ఎద్దులు చెట్టు కింద మేశాయి, మరిది మా వంటింట్లో.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా ఒంట్లో ఊపిరి ఉండగా ఏసీ హాలులో కూర్చొని సేద్యం చేయను.

ఆ రోజు చేలో ఉన్నవాళ్లు: మా ఇంటాయన నారాయణప్ప, మరిది ఓబులేసు, కూతురు సుజాత, నాగమ్మ అనే నేను, రెండెద్దులు. పిలిచినా రానిది వాన ఒక్కటే.